గోడ ఆగిన చోటు

జూన్ 9

కాలేజీలో భూగర్భశాస్త్ర విభాగం మూసేశారు. పిల్లలు చేరడం లేదని ఏటా అనేవాళ్లు, ఈ ఏడు కాగితమే వచ్చింది. మా ఆవిడను పర్యావరణం పాఠాలకు మార్చారు. రాళ్ల నమూనాలున్న బీరువాల తాళాలు గుమాస్తాకు అప్పగించి ఇంటికొచ్చింది. చెప్పులు విప్పుతూ ఆ సంగతి చెప్పింది, వీధిలో కరెంటు పోయిందని చెప్పినట్టు.

"పోనీలే, నీకు కాస్త తీరిక దొరుకుతుంది" అన్నాను.

మాతోనే ఉండే అత్తయ్య తన కూతురి ముఖం చూసి, తర్వాత నా ముఖం చూసింది. పెళ్లైన కొత్తలో కూడా ఆవిడ నన్ను అలా చూడలేదు.

జూన్ 12

తను బాగానే ఉంది.

జూన్ 14

బాగా లేదు. టీ చల్లారిపోయేదాకా గ్లాసు పట్టుకుని కూర్చుంటోంది. పిలిస్తే పలుకుతుంది, కానీ రెండో పిలుపుకు. ఏదైనా మాట్లాడు నాయనా అని అత్తయ్య నన్ను పొడుస్తుంది. నాకొచ్చిన మాటలన్నీ సిమెంటు గురించి, కంకర గురించి.

జూన్ 15, ఆదివారం

పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా బయటికి పోయింది. ఫోను ఇంట్లోనే ఉంది. నేను కంగారు పడలేదు. ఊరికే వీధి చివరిదాకా వెళ్లొచ్చాను, మళ్లీ వెళ్లొచ్చాను. మధ్యాహ్నం భోజనాల వేళకు వచ్చింది. మోకాళ్లదాకా తడి, జుట్టు నిండా ఇసుక.

"ఎక్కడికెళ్లావు?"

"లైట్‌హౌస్ నుంచి చేపల రేవుదాకా నడిచాను. ఆకలేస్తోంది, పెట్టండి."

మారు వడ్డించుకుని తింది. "రాళ్లు చూస్తే కడుపు నిండదన్నమాట" అంది అత్తయ్య. తను నవ్వింది. పొలమారింది. నేను నీళ్లిచ్చాను. ఈ వారంలో నేను చేసిన పనికొచ్చే పని అదొక్కటే.

జూన్ 22

భోజనాల బల్ల మీద తీరం పటం పరిచింది. మేం కంచాలు చేతుల్లో పెట్టుకుని తిన్నాం.

ఆ ఒడ్డున రోజూ ఎంతోమంది నడుస్తారు, సైకిళ్లు తొక్కుతారు. వాళ్లు చూసేది చేతి గడియారమే. "కాళ్ల కింద రెండు వందల కోట్ల ఏళ్ల రాయి ఉందండీ! దాని మీద కూర్చుని బూట్లలో ఇసుక దులుపుకుని పోతున్నారు" అంది. ఆ కోపం చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. ఒక బాటకు గుర్తులు పెడుతుందట. దారిలో అక్కడక్కడా ఆగే చోట్లు, ఒక్కో చోట ఒక బోర్డు. నడిచేవాళ్లు కిందనుంచి వెళ్తారు, సైకిళ్లవాళ్లు పై రోడ్డు మీద వచ్చి, సైకిలు ఆనించి, దిగి చూసి పోతారు. అన్నిటికంటే ముఖ్యమైన చోటు చారల బండ. దాని పక్కనే గవ్వల పొర.

ఊళ్లో సైకిళ్ల సంఘానికి పెద్ద మా పళ్ల డాక్టరు. పన్ను చూపించుకునే నెపంతో ఆయన దగ్గరికి వెళ్లిందట. నోరు తెరిచి ఉన్నంతసేపూ ఒక్క మాటా చెప్పలేకపోయింది. ఆయన చేయి తియ్యగానే మొదలుపెట్టి, బయటివాళ్లు తలుపు కొట్టేదాకా ఆపలేదు. ఆయన ఒప్పుకున్నాడు. పన్నుకు ఏ జబ్బూ లేదని కూడా చెప్పాడు.

జూన్ 24

ఈరోజు నాకు మంచి రోజు. ఎర్రదిబ్బ అంచున ఉన్న ఇళ్ల కింద సముద్రం మట్టిని కోసేస్తోంది కదా, అక్కడ గోడ మంజూరైంది. పని నాకిచ్చారు. నా ఉద్యోగంలో ఇంత పెద్దది రాలేదు. మా పై ఇంజనీరు (ఆఫీసంతా స్కేలు సారు అంటాం, ఆయనకు గీత వంకరగా ఉంటే అన్నం సహించదు) స్వయంగా గీత గీసిచ్చారు. ఈ చివర నుంచి ఆ చివరకు తిన్నగా.

సాయంత్రం ఇంటికొచ్చి మా బల్ల మీది పటం చూశాను. ఆ గీత చారల బండ మీదుగా పోతుంది. బండ, గవ్వల పొర, అన్నీ కాంక్రీటు వెనక్కే.

రేపు చెప్పాలి.

జూన్ 25

చెప్పలేదు. బోర్డుల మీద రాయాల్సిన మాటలు నాకు చదివి వినిపిస్తోంది. మనిషి అలా చదువుతుంటే మధ్యలో ఎలా ఆపుతాం?

జూన్ 30

టేపు పట్టుకుని దిబ్బ కింద కొలతలు తీశాం. ఎండ దంచేసింది. రేపు చెప్తాను.

జూలై 6, ఆదివారం

మొదటి నడక. మంచినీళ్ల డబ్బా మోయడానికి మనిషి కావాలంది, అందుకే వెళ్లాను. లేకపోతే ఆదివారం నాకేం పని.

పదిమందైనా వస్తారా అనుకున్నాం. లైట్‌హౌస్ దగ్గర నిలబడ్డవాళ్లను చూసి తను నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. క్లాసులో కూడా ఇంతమంది కూర్చోలేదన్నట్టు. సముద్రం వెనక్కి తగ్గిన వేళ అది. తడి ఇసుకలో నల్లటి చారలు చూపించి, అయస్కాంతం పెట్టి, ఇసుక రేణువులు మీసాల్లా నిక్కడం చూపించింది. పెద్దవాళ్లంతా పిల్లలైపోయి అయస్కాంతం కోసం కొట్టుకున్నంత పని చేశారు.

చారల బండ దగ్గర అందరినీ దగ్గరికి పిలిచింది. తెలుపూ నలుపూ చారలతో, మడతలు మడతలుగా, పిండి ముద్దను పిసికినట్టుంటుంది ఆ బండ. దాని మీద ఎర్రమట్టి దిబ్బ కూర్చుని ఉంది.

"ఈ బండ కొన్ని మైళ్ల లోతున వేడికి మెత్తబడి ఇలా ముడతలు పడింది. పైకి తేలి, అరిగి, ఎండా వానా తిని, చాలా కాలం ఊరికే పడి ఉంది. నిన్నగాక మొన్న దీని మీద ఈ ఎర్రమట్టి వచ్చి చేరింది. బొటనవేలు బండ మీద పెట్టండి. చూపుడువేలు మట్టి మీద పెట్టండి. పెట్టారా? ఆ రెండు వేళ్ల మధ్య రెండు వందల కోట్ల ఏళ్లున్నాయి. ఆ మధ్య ఏం జరిగిందో ఇక్కడ ఆనవాలు లేదు. కొట్టుకుపోయింది. ఉన్నది మీ వేళ్ల సందు ఒక్కటే."

బ్యాంకులో పనిచేసే ఒకాయన వేళ్లు తియ్యడం మరిచిపోయి అలాగే వంగి ఉన్నాడు. వెనకనుంచి ఆయన భార్య, "నడుం పట్టేస్తుంది, ఇక లేవండి" అంటే లేచాడు.

నేనూ పెట్టాను వేళ్లు. ఇన్నేళ్ల కాపురంలో తన పాఠం వినడం నాకిదే మొదటిసారి. ఇంత బాగా చెప్తుందా ఈ మనిషి! నా పక్కనున్నావిడతో "ఆమె మా ఆవిడండీ" అన్నాను. ఆవిడ అడగలేదు.

జూలై 7

ఇవాళ కూడా చెప్పలేదు.

జూలై 13, ఆదివారం

ఇవాళ పళ్ల డాక్టరు తన సైకిళ్ల దండుతో వచ్చాడు. నడిచేవాళ్లు కిందనుంచి, సైకిళ్లవాళ్లు పైనుంచి. చారల బండ దగ్గర రెండు గుంపులూ కలిశాయి. సందడి విని దిబ్బ మీది ఇళ్లలోంచి ఒకావిడ దిగి వచ్చింది. అంచున మొదటి ఇల్లు ఆవిడదే, బట్టలు కుడుతుంది, మెడలో టేపు వేలాడుతూనే ఉంది.

"గోడ కొలతలకు ఇంతమందా వచ్చారు?" అంది.

"గోడేమిటండీ?" అంది మా ఆవిడ.

"అదేమిటమ్మా, ఇదంతా మూసి గోడ కడతారు కదా. నన్నడుగుతారేంటి, మొన్న టేపు పట్టుకుని కొలిచినాయన ఇదిగో ఇక్కడే ఉన్నాడు!"

అందరూ నావైపు తిరిగారు. నీళ్ల డబ్బా పట్టుకుని నిలబడ్డాను.

మా ఆవిడ వచ్చినవాళ్లతో, "ఇటు రండి, గవ్వల పొర చూద్దాం" అంది. గొంతు ఏమాత్రం మారలేదు. ఒకప్పుడు సముద్రం మనిషి ఎత్తు పైన ఉండేదనీ, అప్పటి ఆల్చిప్పలే ఈ పొరనీ చెప్పింది. ఎవరో అడిగిన ప్రశ్నకు నవ్వుతూ జవాబు చెప్పింది. చివరిదాకా నడిపించింది. ఒక్కరికీ తెలియలేదు. నాకు తెలిసింది. అంత సిగ్గులోనూ, ఎంత గట్టి మనిషిరా ఈమె అనుకున్నాను.

ఇంటికొచ్చాక అడిగింది.

"ఎప్పటినుంచి తెలుసు?"

"గత నెల చివరినుంచి."

"గోడ వద్దని అంటాననుకున్నారా? ఆ కుట్టుపని ఆవిడ వంటింట్లో బీటలు నేనూ చూశాను. ఇళ్లు పడిపోవాలని కోరుకునేదానిలా కనిపించానా మీకు?"

"అలా కాదు. నువ్వు ఇప్పుడిప్పుడే లేచి తిరుగుతున్నావు కదా అని..."

"నన్ను గాజుబొమ్మను చేశారు" అని లోపలికెళ్లింది.

అత్తయ్య ఇద్దరికీ విడివిడిగా భోజనం పెట్టింది. నాకు పెట్టేటప్పుడు గరిటె చప్పుడు ఎక్కువైంది.

జూలై 16

మాట్లాడటం లేదు. "మీ ఫోను మోగుతోంది" అంది. అది మాట్లాడటం కిందికి రాదు.

జూలై 21

నిన్నటి నడకకు నన్ను రమ్మనలేదు. నీళ్ల డబ్బా పళ్ల డాక్టరు మోశాడట.

ఆగస్టు 2

పొద్దున్నే ఆఫీసు నుంచి ఫోను. సముద్రం పోటు మీదుంది, దిబ్బ విరిగిందన్నారు. పరుగెత్తాను.

కుట్టుపని ఆవిడ ఇంటి పెరడు సగం లేదు. బట్టలారేసే తీగ ఒక కొస గాలిలో వేలాడుతోంది, రెండో కొస కట్టిన గుంజ కిందెక్కడో ఉంది. ఇంట్లో సామాన్లు బయటికి మోస్తున్నారు. కుట్టుమిషను ఒక పక్క పళ్ల డాక్టరు, ఇంకో పక్క మా ఆవిడ పట్టుకుని మెట్లు దిగుతున్నారు. నాకంటే ముందే వచ్చింది. నేను అందుకోబోతే, "మీరు మీ పని చూడండి, కింద మట్టి ఇంకా జారుతోందేమో" అంది.

మనుషులందరినీ రోడ్డు ఇవతలికి చేర్చాక, తడిసి ముద్దై ఇద్దరం పై రోడ్డు మీద నిలబడ్డాం. తను సముద్రాన్నే చూస్తోంది. ఉన్నట్టుండి నా భుజం పట్టుకుంది.

"ఏవండీ, అల ఎక్కడ విరుగుతోందో చూడండి."

చూశాను. చారల బండ ఉన్నంత మేరా అల దూరంగానే విరిగి, నురగై, దిబ్బ దాకా చేరకుండానే వెనక్కి పోతోంది. బండకు అటూ ఇటూ మాత్రం తిన్నగా వచ్చి ఎర్రమట్టిని గుద్దుతోంది.

"బండ ఎత్తుగా ఉన్నచోట దిబ్బ చెక్కుచెదరలేదు. బండ కిందికి దిగిపోయిన చోటే మట్టి పోతోంది. మీ గోడ అక్కడ పుట్టుకతోనే ఉందండీ. ఉన్న గోడ ముందు ఇంకో గోడ ఎందుకు?"

వానలో నా కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను. తుడవకపోయినా కనిపించేదే.

ఆగస్టు 5

పాత సర్వే పటాలు తీయించి ఒకదాని మీద ఒకటి పెట్టి చూశాను. అటూ ఇటూ దిబ్బ అంచు ఏటేటా లోపలికి జరిగింది. చారల బండ వెనక మాత్రం అన్ని పటాల్లోనూ అంచు ఒకేచోట ఉంది. ఎవరూ చూడలేదు. నేనూ చూడలేదు. గోడ అంటే గీత అనుకున్నాం.

ఇంటికొచ్చి చెప్పాను. "చెప్పానా" అనలేదు తను. పటం తన ముందుకు లాక్కుంది. అత్తయ్య ఇద్దరికీ కలిపి వడ్డించింది.

ఆగస్టు 8

స్కేలు సారు ముందు కొత్త నమూనా పెట్టాను. గోడ రెండు ముక్కలు, మధ్యలో బండకు ఖాళీ. గోడ కొసలు దిబ్బలోకి వంచి కడితే అల వెనకనుంచి దూరదు.

"మీ ఆవిడ రాళ్ల కోసం గోడకు కంత పెడతావటయ్యా?"

"ఆవిడ రాళ్ల కోసం కాద్సార్. అల కోసం."

"రేపు ఆ ఖాళీలోంచి దిబ్బ పోతే?"

"సంతకం నాది సార్."

అనేశాక బల్ల మీది పెన్ను తీసి జేబులో పెట్టుకుని బయటికొచ్చాను. అది ఆయన పెన్ను.

ఆగస్టు 11

ఇంకా ఏమీ తేల్చలేదు. నాకేమీ ఆందోళన లేదు.

ఆగస్టు 12

ఆయన ఒక్కరే దిబ్బ కిందికి వెళ్లారని డ్రైవరు చెప్పాడు. నిగనిగలాడే ఆ బూట్లతోనే బండ మీద చాలాసేపు నిలబడ్డారట. మధ్యాహ్నం నన్ను పిలిచారు. బూట్లు పాడైపోయాయి.

"వంకర గోడ. నా సర్వీసులో ఇదే మొదటిది" అన్నారు. "ఇళ్లవాళ్లు ఒప్పుకుంటేనే. వాళ్లకు చెప్పాల్సింది నువ్వు కాదు. ఆ చెప్పేవాళ్లని తీసుకురా."

ఆగస్టు 17, ఆదివారం

దిబ్బ మీది బడిలో సమావేశం. బెంచీల మీద కూర్చున్న జనం ముఖాలు గట్టిగా ఉన్నాయి. పెరడు పోయినవాళ్ల ముందు రాళ్ల గొప్పతనం చెప్పబోయి దెబ్బలు తింటామేమోనని నా భయం.

తను గొప్పతనం ఎత్తనే లేదు. బల్ల మీద పళ్లెంలో తడి మట్టి గోడలా పెట్టింది, మధ్యలో దాని ముందు ఒక రాయి పెట్టింది. చెంబుతో నీళ్లు పోసి చేత్తో ఊపింది. రాయి వెనక మట్టి నిలిచింది. పక్కది జారింది. అంతే.

కుట్టుపని ఆవిడ లేచింది. "అదంతా సరేనమ్మా. మా ఇంటి ముందు గోడ వస్తుందా, రాదా? అది చెప్పు."

"వస్తుంది. మీ ఇంటి దగ్గరే మొదలవుతుంది. బండకు అవతల గవ్వల పొర ఉంది కదా, అది మీ ఇంటి కిందికే వస్తుంది. అది గోడ వెనక్కి పోతుంది."

నేను తలెత్తాను. గవ్వల పొర సంగతి ఎలా చెప్పాలా అని వారం రోజులుగా మథనపడుతున్నాను. తను అంతకుముందే లెక్క తేల్చుకుంది.

"అది నువ్వు జనానికి చూపించేదే కదా?" అంది ఆవిడ.

"అవునండీ."

"మరి పోతే?"

"మీరుండాలి కదా" అంది మా ఆవిడ.

కుట్టుపని ఆవిడ అందరివైపూ తిరిగి, "రాయి సంగతి నాకు తెలీదు గానీ, ఈ పిల్ల అబద్ధం చెప్పదు. నా వేలిముద్ర ఎక్కడ కావాలంటే అక్కడ వేసుకోండి" అంది. "నీకు సంతకం వచ్చు కదే!" అన్నారు వెనకనుంచి. గది గదంతా నవ్వింది. స్కేలు సారు కూడా.

తిరిగొస్తుంటే దారిలో అన్నాను, "గవ్వల పొర గురించి నాకు ముందే చెప్పొచ్చు కదా" అని.

"మీరు బాధపడతారని చెప్పలేదు" అంది. ముఖం చూస్తే నవ్వాపుకుంటోంది. నాకు తగిన శాస్తే.

సెప్టెంబరు 14

గవ్వల పొరకు ఆఖరి నడక. రేపటినుంచి పునాది తవ్వుతారు. ఎన్నడూ రానంత జనం. తను ఎక్కువ మాట్లాడలేదు. అందరూ వెళ్లాక అరచేయి ఆ పొరకు ఆనించి కాసేపు నిలబడింది. నేను దూరంగా ఉన్నాను. కొన్నిటికి మొగుడు కూడా పక్కన ఉండకూడదు.

నవంబరు 20

గోడ లేస్తోంది. పని బాగా వస్తోంది. కొసలు దిబ్బలోకి వంగిన చోట తాపీ పలకతో మరీ నున్నగా చేయించాను. మేస్త్రీ, "సార్‌కి ఈ గోడంటే కూతురి పెళ్లి లాగుంది" అన్నాడు.

జనవరి 11

మళ్లీ పెద్ద పోటు వచ్చింది, రెండు రోజులుంది. పొద్దున వెళ్లి చూశాం. గోడ నిలిచింది. బండ నిలిచింది. మధ్యలో దిబ్బ నుంచి పిడికెడు మట్టి కూడా రాలలేదు. తను నాకు చేయి కలిపింది, ఆఫీసులో కలిపినట్టు.

ఫిబ్రవరి 15, ఆదివారం

బాట తెరిచారు. లైట్‌హౌస్ నుంచి రేవుదాకా బోర్డులు, బాణాలు, సైకిళ్లు ఆనించడానికి ఇనుప కమ్మీలు. పక్క ఊళ్లనుంచి కూడా సైకిళ్లు వచ్చాయి. కాలేజీ ప్రిన్సిపాలు వచ్చి, విభాగం మూసినాయనే, అందరికంటే ముందు వరసలో నిలబడి ఫొటో దిగాడు. "దిగనివ్వండి, రాయికి ఎవరైనా ఒకటే" అంది మా ఆవిడ. అత్తయ్య కూడా చేతికర్రతో చారల బండ దాకా నడిచింది. వేళ్లు పెట్టి చూసి, "నాకంటే పెద్దది ఒకటుందన్నమాట" అంది.

గవ్వల పొర ఉండే చోటుకు వచ్చేసరికి ఎదురుగా నా గోడ. మా ఆవిడ దాని ముందు నిలబడింది. "దీని వెనక ఒక పొర ఉంది. మీకు చూపించలేను, చెప్తాను" అని మొదలుపెట్టబోయింది.

"ఆగమ్మా ఆగు!" పైనుంచి కేక. గోడ మీద కుట్టుపని ఆవిడ, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు. చేతుల్లో పెద్ద బట్ట చుట్ట. గోడ అంచుమీంచి కిందికి వదిలారు. అది విప్పుకుంటూ విప్పుకుంటూ మా కాళ్లదాకా వచ్చింది.

దిబ్బ ఎంత ఎత్తో బట్ట అంత ఎత్తు. ఎరుపు, పసుపు, ఇటుక రంగు, పొర మీద పొర, అంచులు అలలు అలలుగా కుట్టి ఉన్నాయి. మధ్యలో, మనిషి ఎత్తున, తెల్లటి బొత్తాలు. చొక్కా బొత్తాలు, కోటు బొత్తాలు, పెద్దవి, చిన్నవి, గుప్పిళ్లకొద్దీ గుచ్చెత్తినట్టు కుట్టింది. గవ్వల పొర.

గాలికి బట్ట గోడకు తగిలి బొత్తాలు గలగలమన్నాయి.

"ఒడ్డుకు దిగినప్పుడల్లా చూసిందే కదమ్మా, రంగులు గుర్తున్నాయి. సరిగ్గా వచ్చిందా?" అని పైనుంచి అరిచింది ఆవిడ.

పసుపు పొర గవ్వలకు కింద ఉండాలి. పైన కుట్టింది. నాకే తెలిసిపోయింది, ఇన్ని నడకలు విన్నాను కదా. బోర్డు మీద దీర్ఘం తప్పితే మళ్లీ రాయించిన మనిషి మా ఆవిడ. పళ్ల డాక్టరు చారల బండను "లావా" అంటే మాటకు అడ్డుపడి సరిచేసిన మనిషి.

తను తలెత్తి చూసింది. కళ్లనిండా నీళ్లు.

"సరిగ్గా ఉందండీ" అంది. "పొల్లుపోకుండా ఉంది."

ఆ తర్వాత జనం వైపు తిరిగి పాఠం మొదలుపెట్టింది. పసుపు పొర పైనే ఉందన్నట్టు ఒక్క మాటలోనూ చెప్పలేదు, కింద ఉందనీ చెప్పలేదు. బొత్తాల దగ్గరే మొదలుపెట్టి అక్కడే ముగించింది. ఎవరో సైకిలు కుర్రవాడు నా పక్కకొచ్చి, "ఆ మేడమ్ ఎవరండీ?" అని అడిగాడు.

ఈసారి అడిగారు. చెప్పాను.